స్టిక్కర్ నంబర్ 41 నుంచి 96 వరకు ఉన్న టార్గెట్లు దయచేసి వాడొద్దు

మన దగ్గర ఫోమ్ టార్గెట్ కొన్నవాళ్ళందరికీ ముందు ఒకటే మాట. టార్గెట్ వెనక కింది మూలన తెల్ల స్టిక్కర్ ఉంటుంది కదా, దాని మీద నంబర్ 41 నుంచి 96 మధ్యలో ఉంటే ఇవాళ్టి నుంచి దాని మీద బాణం వెయ్యొద్దు. మీది ఇంకా బాగానే ఉన్నా సరే, వెయ్యొద్దు. మొత్తం 56 టార్గెట్లు, అన్నీ నేనే మార్చి ఇస్తాను, రానూపోనూ రవాణా ఖర్చు నాదే. ఎందుకో ఏంటో కింద రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, కానీ ఎనిమిదేళ్ళుగా నన్ను నమ్మి కొంటున్నవాళ్ళకి రెండు ముక్కల్లో సారీ చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు.

పోయిన నెల్లో ఒకావిడ ఫోన్ చేశారు. మనకి పాత కస్టమరే, మొదట వాళ్ళబ్బాయి కోసం 18 పౌండ్ల విల్లు (లాగడానికి అంత బలం పట్టేది) తీసుకున్నారు, పిల్లాడు మానేశాడు గానీ ఆవిడకి పట్టుకుంది, ఇప్పుడు 32 పౌండ్ల రికర్వ్ (చివరలు ముందుకి వంగి ఉండే విల్లు) వేస్తున్నారు, పెరట్లో పది మీటర్ల నుంచి. "ఏమండీ, బాణం కనపడట్లేదండీ" అన్నారు. గడ్డిలో పడి ఉంటుంది, వంగి పక్క నుంచి చూడండి అన్నాను, ఎందుకంటే నూటికి తొంభై సార్లు అదే అవుతుంది. ఓ నిమిషం తర్వాత "గడ్డిలో కాదండీ, టార్గెట్ లోంచి అవతలికి వెళ్ళిపోయి వెనక నెట్‌లో వేలాడుతోంది" అన్నారు. ఫోటో పంపారు. మూడు ఈకల్లో రెండు ఊడి ఫోమ్‌లోనే ఉండిపోయాయి, బాణం మాత్రం నెట్‌లో చిక్కుకుని తలకిందులుగా ఉంది. నెట్ వెనక వాళ్ళ ప్రహరీ, పెద్ద ఎత్తేం కాదు. ప్రహరీ అవతల ఆ టైంకి పక్కింటాయన మొక్కలకి నీళ్ళు పడుతున్నారట.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ చివరి ముక్క విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే గోడౌన్‌లో ఉన్న టార్గెట్లన్నీ కిందికి దించాం. కొలతలు అవే, 60 సెంటీమీటర్లు బై 60, మందం 20. రంగు అదే, బెల్టులు అవే. కాటా మీద పెడితే తెలిసింది. మన పాత టార్గెట్ ఏడు కిలోల పైన తూగుతుంది, ఈ బ్యాచ్‌వి ఒక్కొక్కటి ఐదున్నర. ఒకటి విప్పి షీట్ మూల కట్ చేసి బొటనవేలితో నొక్కి చూశా, పాత ఫోమ్ అయితే వేలు తియ్యగానే పైకి లేచి మామూలైపోతుంది, ఇది నా వేలి గుంటని అలాగే పట్టుకుని కూర్చుంది. కాసేపటికి గానీ లేవలేదు.

దీంట్లో ఏముందో కొంచెం చెప్పాలి, చాలామంది అనుకునేది వేరు. బాణాన్ని ఆపేది ముందున్న పొర కాదు. ఫోమ్ షీట్లని పక్కపక్కన పేర్చి బెల్టులేసి గట్టిగా నొక్కి బిగిస్తాం, బాణం వాటి మధ్యలోకి దూరినప్పుడు రెండు వైపుల నుంచీ షాఫ్ట్‌ని, అంటే బాణం పుల్లని, పట్టేసుకుంటాయి, ఆ రాపిడికే ఆగుతుంది. 30 పౌండ్ల విల్లు నుంచి వచ్చే బాణం కూడా గంటకి 150 కిలోమీటర్ల పైనే వస్తుంది, అది ఆ జానెడు మందంలో ఆగాలి. ఆ రాపిడి వేడికి ఫోమ్ కొద్దిగా కరిగి కార్బన్ పుల్లకి అంటుకుంటుంది, దిట్టమైన ఫోమ్ లోంచి బాణం పీకడం కష్టమయ్యేది అందుకే, షాఫ్ట్‌కి సబ్బు రాసుకునేవాళ్ళు ఉన్నారు మనలో. ఇన్నేళ్ళూ నాకొచ్చిన పెద్ద కంప్లయింట్ కూడా అదే, "మీ టార్గెట్ బాణాన్ని వదలదండీ" అని.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఈ బ్యాచ్ వెళ్ళిన రెండు వారాలకి నలుగురైదుగురు మెసేజ్ పెట్టారు, ఈసారి బాణాలు తేలిగ్గా వస్తున్నాయి, బాగా చేశారు అని. నేను థాంక్స్ చెప్పాను. సంతోషపడ్డాను కూడా. ఫోమ్‌లో మనం ఏమీ మార్చకుండా బాణం తేలిగ్గా ఎందుకొస్తోంది అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఆ రోజే దొరికిపోయేది. ఈ సప్లయర్ ఫోమ్‌తో చేసిన మొదటి బ్యాచ్ అప్పుడు ఐదు మీటర్ల నుంచి 40 పౌండ్ల విల్లుతో ఒకే చోట రెండొందల బాణాలు వేసి మరీ చూసి అమ్మాను, ఆ తర్వాత ఆరేళ్ళు ఒకే సప్లయర్, ఒకే ఫోమ్, ఎప్పుడూ తేడా రాలేదు కాబట్టి ఆ టెస్ట్ మానేశాను. చేత్తో నొక్కి చూసి పంపేవాణ్ణి. ఈ 56 విషయంలో అదీ సరిగ్గా చెయ్యలేదు, సీజన్ హడావిడిలో.

సప్లయర్‌కి ఫోన్ చేశాను. మొదటిసారి "ఫోమ్ అదేనండీ, మీ కాటా చూపించుకోండి" అన్నారు. కాటా మార్చి తూచి, రెండు టార్గెట్లు పక్కపక్కన పెట్టి వీడియో తీసి పంపాను. రెండో రోజు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఆయనే చేసి, ముడిసరుకు రేటు పెరిగిందండీ, మీకు రేటు పెంచడం ఇష్టం లేక గ్రేడ్ కొంచెం తగ్గించాం, ప్యాకింగ్‌కి వాడేవాళ్ళెవరూ ఏమీ అనలేదు అన్నారు. ప్యాకింగ్‌కి! ఆరేళ్ళుగా ఆయనకి తెలుసు నేను ఆ ఫోమ్‌తో ఏం చేస్తున్నానో, ఒకసారి వాళ్ళ పాపని తీసుకొచ్చి మా పెరట్లో బాణం కూడా వేయించుకుని వెళ్ళారు. రేటు పెంచుతాను అని ఒక్క మాట అంటే పెంచమనేవాణ్ణి, మీకూ చెప్పి నేనూ పెంచేవాణ్ణి, కొందరు కొనేవాళ్ళు కొందరు మానేవాళ్ళు, అంతేగా. చెప్పకుండా తగ్గించడం ఏంటి? పాత గ్రేడ్ మళ్ళీ పంపిస్తాను, ఈసారి కొంచెం తగ్గించి ఇస్తాను అన్నారు. వద్దన్నాను. ఇంట్లో అందరూ ఇది మొండితనం అంటున్నారు, ఆయన దగ్గర తీసుకుంటే పది రోజుల్లో మీ అందరికీ మార్చి ఇచ్చేయొచ్చు, కొత్త చోట నుంచి తెప్పించి పరీక్ష చేసి ఇవ్వాలంటే ఆరు వారాలు పడుతుంది. మొండితనమే అనుకోండి. ఆయన ఫోమ్ మీద నా స్టిక్కర్ అంటించలేను.

ఈ లోపల ఒకాయన, మంచి కస్టమరే, "లాభం కోసం సరుకు తగ్గించారు, ఒప్పుకోండి" అని మెసేజ్ పెట్టారు. ఆయన్ని ఏమీ అనను, ఆయన పెరట్లో బాణం టార్గెట్ దాటింది, ఆ భయం నాకు తెలుసు. కానీ ఆ మాట నాకింకా లోపల ఉండిపోయింది. తగ్గించింది నేను కాదు, తెలుసుకోవాల్సినప్పుడు తెలుసుకోనిది మాత్రం నేనే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది వేరే ప్రశ్న. మార్చి ఇవ్వడం గురించి ఆలోచనే లేదు, ఇవ్వాల్సిందే. ఆరు వారాలు మీరేం చేస్తారు అన్నదే. ప్రాక్టీస్ మానెయ్యమంటే సగం మంది మానరు, ఆ మెత్తబడ్డ టార్గెట్ మీదే "ఇంకో నాలుగు" అంటూ వేస్తారు, నేనైనా అదే చేస్తాను. వెనక ఇంకో షీట్ కట్టుకోండి అని చెబుదామనుకున్నా, చేసి చూశా, ఒక వారానికి అది కూడా గుల్లయింది. చివరికి మా గోడౌన్ కుర్రాడు "మా ఊళ్ళో గోనె సంచిలో బట్టలు కూరి వేసేవాళ్ళం అన్నా" అన్నాడు. నాకది తెలియక కాదు. ఎనిమిదేళ్ళుగా టార్గెట్లు అమ్మేవాణ్ణి, నా టార్గెట్ కంటే గోనె సంచి నయం అని నా చేత్తో రాయాలంటే మనసొప్పలేదు. మూడు రోజులు రాసి చెరిపి రాసి చెరిపి, నాలుగో రోజు సంచి కట్టి నేనే వేసి చూశా. 40 పౌండ్ల విల్లు, ఐదు మీటర్లు, వంద బాణాలు. ఒక్కటీ దాటలేదు. అంతే, రాసేస్తున్నా.

పెద్ద గోనె సంచి తీసుకోండి, లేకపోతే రెండు ఒకదాంట్లో ఒకటి పెట్టండి. పాత నూలు బట్టలు, దుప్పట్లు ఏవైనా పర్లేదు, కానీ గుండీలు జిప్పులు హుక్కులు అన్నీ కత్తిరించి తీసెయ్యాలి, ఒక్క ఇత్తడి జిప్పు లోపల ఉన్నా దానికి తగిలి బాణం వెనక్కి ఎగిరొస్తుంది, లేదా పగులుతుంది. బెత్తెడు మందం వేసి కాలితో తొక్కి, మళ్ళీ బెత్తెడు వేసి తొక్కి, రోకలి బండతో దంచినట్టు దంచి నింపాలి, వదులుగా కూరితే అది టార్గెట్ కాదు, దిండు. బాణం దూరే వైపు నుంచి చూస్తే మూరెడు మందం కంటే తగ్గకూడదు. మూతి గట్టిగా కుట్టెయ్యండి. వారానికోసారి తలకిందులు చెయ్యండి, బట్ట కిందికి దిగిపోయి పైన ఖాళీ అవుతుంది, బాణం దాటేది అక్కడే. వానకి తడవనివ్వొద్దు. మొదటి రోజు మూడు అడుగుల దూరం నుంచి వేసి, బాణం మొన సంచి అవతలికి వచ్చిందో లేదో చూసుకున్నాకే దూరం వెళ్ళండి. ఇది 40 పౌండ్ల లోపు రికర్వ్‌కి, మామూలు పాయింట్లకి (బాణం మొనలకి) మాత్రమే చెబుతున్నా. కాంపౌండ్ (చివరల్లో కప్పీలుండే విల్లు) వేసేవాళ్ళు మాత్రం నా మాట విని ఆరు వారాలు ఆగండి.

ఈ సంచి మీద ముఖం (గురి వలయాలున్న కాగితం) అంటించకుండా దగ్గర నుంచి కళ్ళు మూసుకుని వెయ్యండి, గురి గోల లేకుండా చెయ్యీ భుజం ఎలా కదులుతున్నాయో తెలుస్తుంది, కోచ్‌లు కూడా చేయించేది ఇదే. ఒక రకంగా మీ టార్గెట్లు త్వరగా పోయేది కూడా ముఖం వల్లే. ఇండోర్ మ్యాచ్‌లో 18 మీటర్లకి 40 సెంటీమీటర్ల ముఖం, అదే లెక్కన పది మీటర్లకి 22 సెంటీమీటర్లు చాలు, అందుకని పెరట్లో వేసేవాళ్ళు చిన్న ముఖం పెడతారు, దాంతో మీ బాణాలన్నీ అరచెయ్యంత చోట్లోనే దిగుతాయి. నాలుగు మూలలూ కొత్తగా ఉంటాయి, మధ్యలో గుల్ల. మంచి ఫోమ్ అయినా సరే, ముఖాన్ని వారానికో మూలకి మార్చండి.

నెట్ గురించి ఎన్నిసార్లు చెప్పినా సరిపోదు. ఆ రోజు ఆవిడ బాణం ప్రహరీ దాటకుండా కాపాడింది నెట్ వదులుగా ఉండటమే. బిగించి కడితే బాణం కన్నం చేసుకుని పోతుంది, వదులుగా కింద నేల మీద కొంచెం పడేలా వేలాడదీస్తే నెట్టే బాణంతో పాటు వెనక్కి కదిలి జోరు తీసేస్తుంది. టార్గెట్‌కి నెట్‌కి మధ్య కనీసం మీటరు ఉండాలి. ఇక మీదట నెట్ లేకుండా టార్గెట్ ఒక్కటే అమ్మను, నెట్ ఉందంటే ఫోటో అడుగుతాను, దీనికి కోపం తెచ్చుకునేవాళ్ళు ఉంటారని తెలుసు. విల్లు లాగేటప్పుడు బాణం ఆకాశం వైపు లేపి లాగే అలవాటు ఉన్నవాళ్ళు మీలో ఉన్నారు, నాకు వీడియోలు పంపుతారుగా, అది మానండి. వేలు జారితే 25 పౌండ్ల విల్లు బాణం కూడా వంద మీటర్లు దాటి ఎవరి ఇంటి మీదో పడుతుంది, అప్పుడు ఏ టార్గెట్టూ ఏ నెట్టూ అడ్డం రావు.

టార్గెట్ దాటి గోడకి తగిలిన కార్బన్ బాణాలు ఉంటే వాటిని మళ్ళీ ఎక్కుపెట్టకండి. రెండు చివరలూ పట్టుకుని, మొహానికి దూరంగా, కొద్దిగా వంచి తిప్పుతూ వినండి, చిటపటమన్నా, దూది రాస్తే పోగులు పట్టుకున్నా విరిచి పారెయ్యండి. పగులున్న కార్బన్ వదిలేటప్పుడు చీలి విల్లు పట్టుకున్న చేతిలో దిగుతుంది. అలాంటివి ఎన్నున్నా ఫోటో పెట్టండి, టార్గెట్‌తో పాటు కొత్తవి పంపుతాను.

కొత్త ఫోమ్ రెండు చోట్ల నుంచి శాంపిల్స్ వచ్చాయి. ఒకటి మొదటి రోజే వెనక్కి పంపాను. రెండోది నూట ఎనభై బాణాల దాకా బాగానే ఉంది, ఇంకా వేస్తున్నా. ఇకపై ప్రతి బ్యాచ్‌లో ఒకటి తీసి రెండొందలు వేసి చూశాకే మిగతావి ప్యాక్ అవుతాయి, ఆ ఒక్కటీ అమ్మను. అప్పటిదాకా టార్గెట్లు లేవు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి విల్లు కూడా ఇవ్వట్లేదు, బాణం ఆపేది లేకుండా విల్లు చేతికిస్తే అది దేని మీదకి వెళ్తుందో నాకు తెలుసు. స్ట్రింగులు, నాకులు (బాణం వెనక తాడుకి తగిలించే గాడి ముక్కలు), ఈకలు అంటించడం మామూలే.

41 కంటే ముందు నంబర్లవాళ్ళు కంగారు పడక్కర్లేదు, వెనక ఒక అట్టముక్క టేపుతో అంటించి ఉంచండి, అట్టకి చిల్లు కనపడిన రోజు నాకు చెప్పండి. స్టిక్కర్ ఊడిపోయినవాళ్ళు టార్గెట్‌ని కాటా మీద పెట్టండి. ఆరు కిలోల లోపు తూగితే అది ఆ బ్యాచే, ఫోటో పంపితే చాలు, బిల్లు అక్కర్లేదు.