పైపు వంగుతుంది, ఇరుసు వంగదు

ప్రియమైన శీనూ,

ఉత్తరం అందింది. చెల్లెమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. ఇక నీ ఎత్తిపొడుపు సంగతి. "మా బావమరిది దగ్గర నిజం జేసీబీ ఉండగా ప్లాస్టిక్ ముక్కలతో జేసీబీ కట్టడమేమిటిరా, వచ్చి ఎక్కి తవ్వుకో" అన్నావు. మీ ఊరి చెరువులో పూడిక తీసే రోజున కబురు పెట్టు, రెక్కలు కట్టుకుని వాలతాను. అయితే మీ బావమరిదికి ఆ బండి నడపడం తెలుసు, గంటల లెక్కన బాడుగ రాబట్టడం ఇంకా బాగా తెలుసు. వెనక చెయ్యి పక్కకు తిరిగే చోట లోపల ఏముందో అడిగి చూడు, "ఏముంటాయి, పైపులు" అంటాడు. ఆ పైపుల గురించే ఈ ఉత్తరమంతా. ఓపిక చేసుకుని చదువు. చివర నీకొక పని కూడా అప్పజెప్పబోతున్నాను.

ముందు సరుకు ఏమిటో చెప్తాను. నువ్వు అనుకుంటున్నవి పిల్లలు గోడలు పేర్చే ఇటుకలు. నా దగ్గరున్నవి అదే లెగో కంపెనీ ముక్కలే గానీ, 1977లో మొదలుపెట్టి ఇప్పుడు టెక్నిక్ అని పిలుస్తున్న వరసలోవి. బారుగా చిల్లులున్న కడ్డీలు, చిల్లుల్లో దిగే పిన్నులు, అడ్డంగా కోస్తే కూడిక గుర్తులా కనిపించే ఇరుసులు, పళ్లచక్రాలు, అరచేతిలో ఇమిడే మోటార్లు. పెట్టెలో వచ్చే పుస్తకం చూసుకుంటూ పేజీ తర్వాత పేజీ కట్టుకుపోతే బండి దానంతటదే తయారవుతుంది. అందులోనూ హాయి ఉంది, కాదనను. కానీ ఏ చక్రం అక్కడ ఎందుకు పెట్టారో ఆలోచించే అవసరమే రాదు, చెయ్యి పని చేస్తుంది, బుర్ర పడుకుంటుంది. అందుకని పుస్తకం పక్కన పడేసి, మన రోడ్ల మీద తిరిగే జేసీబీ 3డీఎక్స్‌ను చూసి, అది చేసే పనులన్నీ చేసే బండిని సొంతంగా గీసుకుని కడుతున్నాను. నడవాలి, మలుపు తిరగాలి, ముందు బకెట్ ఎత్తాలి, దింపాలి, వంచాలి, వెనక కాళ్లు దించుకుని నిలబడాలి, చెయ్యి చాచి తవ్వాలి, పక్కకు తిప్పి పోయాలి. మొహమాటానికి ఊరికే కదిలి ఊరుకుంటే కుదరదు, మా పెరట్లో ఇసుకనైనా నిజంగా ఎత్తిపోయాలి.

డిజైను ఎక్కడ మొదలవుతుందనుకుంటున్నావు? టైరు దగ్గర. మిగతా దేన్నయినా ముక్కలు కలిపి సాధించుకోవచ్చు, టైరును మాత్రం మనం చేసుకోలేం. కంపెనీ పోసిన కొలతల్లో ఏదో ఒకటి ఎంచుకుని దానికి తల వంచాలి. నిజం బండి వెనక టైరు ఎత్తు సుమారు మీటరూ నలభై సెంటీమీటర్లు. నా డబ్బాలో ఉన్న పెద్ద టైరు 94.8 మిల్లీమీటర్లు. ఆ అంకె రబ్బరు మీదే అచ్చుపోసి ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. భాగిస్తే పదిహేనో వంతుకు దగ్గరగా తేలింది. ఇంకేముంది, బండి మొత్తానికి కొలత ఖరారైపోయింది. ఆరు మీటర్లకు కాస్త తక్కువ ఉండే పొడవు నలభై సెంటీమీటర్ల లోపు వస్తుంది, ముందు టైరు అరవై మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. 62.4 మిల్లీమీటర్ల సన్నపాటి టైరు ఒకటి ఉండనే ఉంది! ఇలా రెండూ కుదరడం అరుదు రా, చాలా బండ్లకు వెనక కుదిరితే ముందు కుదరదు.

అన్నట్టు, జేసీబీకి ముందువైపు చిన్న చక్రాలు, వెనక పెద్ద చక్రాలు ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించావా? పుట్టుక ట్రాక్టరు పుట్టుక. ఇంగ్లండ్‌లో బామ్‌ఫర్డ్ అనే ఆయన 1945లో ఒక గ్యారేజీలో పెట్టిన కంపెనీ అది. ముందు లోడరు, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండిని 1953లో తీసుకొచ్చారు. మన దేశంలో 1979 నుంచి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో తయారవుతోంది. ట్రాక్టరుకు రెండు చివర్లా రెండు పనిముట్లు తగిలించిన బండి అని గుర్తుపెట్టుకుంటే, ఎక్కడ ఏది ఉండాలో సగం అక్కడే తేలిపోతుంది.

ఇక నన్ను నిద్ర పోనివ్వని అంకె ఎనిమిది. కడ్డీ మీద చిల్లుకీ చిల్లుకీ మధ్య దూరం ఎనిమిది మిల్లీమీటర్లు. ఈ లోకంలో అన్నీ ఆ ఎనిమిదికి లొంగాల్సిందే. పళ్లచక్రాలకు కూడా చక్కటి లెక్క ఉంది. పళ్ల సంఖ్యను రెండుతో భాగిస్తే వ్యాసార్థం మిల్లీమీటర్లలో వచ్చేస్తుంది. ఎనిమిది పళ్లదానికి నాలుగు, ఇరవై నాలుగు పళ్లదానికి పన్నెండు, కలిపితే పదహారు, అంటే సరిగ్గా రెండు చిల్లుల దూరం. పన్నెండు పళ్లదీ ఇరవై పళ్లదీ కలిపినా అంతే. ఎనిమిది, నలభై కలిస్తే మూడు చిల్లుల దూరం. ఇంత ముందుచూపుతో కొలతలు పెట్టిన వాళ్లకు దండం పెట్టాలి.

నిలువు, అడ్డం వరకు సుఖమే. ఏటవాలుగా ఊతం పెట్టాలంటేనే తంటా. చిల్లు మీద చిల్లు సరిగ్గా కూర్చోవాలి కదా. అప్పుడు మన లెక్కల మాస్టారు బోర్డు మీద గీసిన మూడు, నాలుగు, అయిదు త్రిభుజం గుర్తొచ్చింది. అక్కడా ఒక మెలిక ఉంది. మూడు దూరాలు కావాలంటే నాలుగు చిల్లుల కడ్డీ ఉండాలి, కడ్డీలేమో చాలావరకు బేసి లెక్కలోనే దొరుకుతాయి. దాన్ని రెట్టింపు చేసి ఆరు, ఎనిమిది, పది అనుకో. ఏడు చిల్లులది, తొమ్మిది చిల్లులది, పదకొండు చిల్లులది, మూడూ ఉన్నాయి! నా బండి చట్రంలో వెనక భాగం ఈ త్రిభుజం మీదే నిలబడింది. ఈ వరసలో వంపు తిరిగిన కడ్డీలు కొన్ని ఉంటాయి, వాటి వంపు నలభై అయిదు డిగ్రీలో అరవయ్యో ఉంటుందనుకుంటాం. 53.13 డిగ్రీలు! అదీ ఆ త్రిభుజం కోణమే. ఇది తెలిసిన రోజున మాస్టారికి ఫోను చేద్దామా అనిపించింది.

ఇప్పుడు అసలు కథ. వెనక చెయ్యి పక్కకు తిరిగే కీలు. నిజం బండిలో ఇంజను పంపును తిప్పుతుంది, పంపు నూనెను తోస్తుంది, నూనె రబ్బరు పైపుల్లో పడి చేతి దాకా పోతుంది. చెయ్యి ఎటు తిరిగినా పైపు వంగుతుంది, నూనెకు ఏ ఇబ్బందీ లేదు. నా బండిలో మోటారు బలాన్ని మోసేది ఇరుసు. ఇరుసు వంగదు. కీలు నడిబొడ్డున నిలువుగా ఒక్క ఇరుసును పైకి పంపి, మూలచక్రాలతో, అంటే తిరుగుడును మూల తిప్పే పళ్లచక్రాలతో, మళ్లించవచ్చు. కానీ చేతికి మూడు కదలికలు కావాలి: బూమ్ అనే మొదటి పెద్ద భాగం, దాని చివర మోచెయ్యి, ఆపైన బకెట్. పైగా ఆ ఒక్క ఇరుసుకూ ఒక చాదస్తం ఉంది. చెయ్యి పక్కకు తిప్పినప్పుడు దాని మీది చక్రం నిలబడ్డ చక్రం చుట్టూ దొర్లుతుంది, దాంతో మనం చెప్పకుండానే బకెట్ కాస్త ముడుచుకుంటుంది, లేదా తెరుచుకుంటుంది. మట్టి పోయబోతూ చెయ్యి తిప్పితే దారిలోనే సగం రాలిపోతుంది, లేదా పోసే చోట రాలనంటుంది. మోటార్లనే చేతి మీదికి ఎక్కించవచ్చు, తీగ వంగుతుంది కాబట్టి. అప్పుడు చెయ్యి బోదకాలులా తయారవుతుంది, బరువంతా కొసకు చేరి బండి వెనక్కి కూలబడుతుంది.

నా తీర్పు అడిగితే గాలి. లెగోలో గాలి సిలిండర్లు 1984 నుంచీ ఉన్నాయి. చిన్న పంపు, సన్నటి గొట్టాలు, మీట తిప్పితే అటో ఇటో దారి మళ్లించే కవాటం, అంతే సరంజామా. గొట్టం వంగుతుంది, కీలు సమస్య ఒక్క దెబ్బకు తీరిపోతుంది. 2003లో వాళ్లే 8455 నంబరుతో పది సిలిండర్ల పసుపు బ్యాక్‌హో లోడరు, అంటే జేసీబీ లాంటి బండి, ఒకటి తెచ్చారు. ఆ తర్వాత వచ్చినవాటిలో ఎన్ని మోటార్లు పెట్టినా అంత సొంపైనది నా కంటికి కనబడలేదు. 2008 నుంచి మరలాంటి సాగుడు కడ్డీలు వచ్చాయి, మోటారు తిప్పుతుంటే లోపలి మర తిరిగి పొడవు పెరుగుతుంది. పదకొండు చిల్లుల పొడవున్నది పదహారు దాకా సాగుతుంది, కొసకు చేరాక టకటకమని చప్పుడు చేసి జారుతుంది గానీ విరగదు. అవి బుద్ధిమంతులు, మోటారు ఆపితే ఆపిన చోటే నిలబడతాయి. అందుకే ముందు లోడరుకు వాటినే పెట్టాను, ఎత్తిన బరువు దిగజారకూడదు కదా. వెనక చేతికి మాత్రం గాలే.

గాలికీ గుణదోషాలున్నాయి. నొక్కితే నూనె నలగదు, గాలి నలుగుతుంది. మీట తీయగానే చెయ్యి కదలదు. లోపల ఒత్తిడి పెరుగుతూ పెరుగుతూ ఉండి, పిన్నుల పట్టును దాటిన క్షణాన ఎగిరి పడుతుంది. మీ బావమరిది చూశాడంటే "కొత్త డ్రైవరు చేతికిచ్చావా" అంటాడు. దీనికి మందు రెండు చోట్ల ఉంది. ఒకటి, కీళ్ల దగ్గర నల్ల పిన్నులు వాడకూడదు, అవి బిగుతుగా పట్టుకోవడానికే పుట్టాయి. బూడిద రంగువి వదులుగా తిరుగుతాయి. కీళ్లన్నిటికీ అవే వేస్తే ఆ ఎగిరిపాటు చాలామటుకు అణుగుతుంది. రెండోది చేతివాటం. మీటను పూర్తిగా తోయకుండా సందు మాత్రమే తెరిస్తే గాలి సన్నగా పోయి చెయ్యి నెమ్మదిగా లేస్తుంది. వేలి కొసకు ఆ సందు తెలియాలి, అంతే. చెయ్యి పక్కకు తిరగడానికి మాత్రం మరచక్రం, అంటే మర చుట్లలాంటి పన్ను ఉన్నది, పెట్టాను. ఇరవై నాలుగు పళ్ల చక్రాన్ని ఒక చుట్టు తిప్పాలంటే ఆ మరచక్రం ఇరవై నాలుగు చుట్లు తిరగాలి, బయటి నుంచి ఎంత నెట్టినా వెనక్కి తిరగదు. నిజం బండిలో అక్కడ రెండు సిలిండర్లుంటాయి, ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది. నాకు అక్కడ చోటు చాలలేదు.

బరువు సంగతి చిత్రంగా కుదిరింది. నిజం బండిలో ముందున్న ఇంజను వెనక చేతికి సరితూకం. నా బండికి ఇంజను లేదు గానీ ఆరు పెన్సిల్ సెల్లుల పెట్టె ఉంది, ఉన్న సామానులో అన్నిటికంటే బరువైనది అదే. దాన్ని తెచ్చి బానెట్ కింద పెట్టాను, సరిపోయింది. వెనక కాళ్లు దించితే పెద్ద చక్రాలు నేల వదిలి లేస్తున్నాయి. మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి చూసింది, అంటే లెక్క వేసుకో.

కంప్యూటర్‌లోనే అన్నీ గీసుకోవచ్చు కదా అంటావు. గీసుకుంటున్నాను. జేమ్స్ జెస్సిమన్ అనే ఆస్ట్రేలియా ఆయన 1995లో లెగో ముక్కలను తెర మీద పేర్చుకునే ఎల్‌డ్రా అనే ప్రోగ్రాము రాసి పెట్టాడు, ఇలాంటి ఎన్నో ప్రోగ్రాములకు ఇప్పటికీ అదే ఆధారం. ముక్కకు ముక్క తగులుతుందో లేదో తెర మీద తెలుస్తుంది, డబ్బాలో లేని ముక్కలు కూడా అక్కడ కొల్లలుగా దొరుకుతాయి. కానీ తెర మీద బరువుండదు, ఒరిపిడి ఉండదు. అక్కడ నిటారుగా నిలబడ్డ బూమ్ చేతిలోకి వచ్చేసరికి తల వాలుస్తుంది. అందుకే చట్రం, చక్రాలు తెర మీద, చెయ్యి మాత్రం బల్ల మీద.

ఇక మిగిలింది బకెట్. సిలిండరును నేరుగా బకెట్‌కే తగిలిస్తే ఏమవుతుందో తెలుసా? కొంత కోణం తిరిగాక కడ్డీ, పిన్ను ఒకే గీత మీదికి వచ్చి తోపు వృథా అవుతుంది. బకెట్ ఏమో పూర్తిగా చాచిన చోటి నుంచి పూర్తిగా ముడుచుకునే దాకా దాదాపు అర్ధవృత్తం తిరగాలి. అందుకే నిజం బండిలో సిలిండరుకూ బకెట్‌కూ మధ్య రెండు లింకులుంటాయి. ఆ రెండు, మోచేతి కొస, బకెట్ చెవి కలిసి నాలుగు భుజాలు. వాటి పొడవుల పొత్తులోనే మంత్రమంతా ఉంది. ఏ ఒక్కటి ఒక చిల్లు అటూ ఇటూ అయినా బకెట్ నోరు పూర్తిగా మూసుకోదు, లేదా పూర్తిగా తెరుచుకోదు. నా దగ్గర ఒక చిల్లంటే నిజం బండి మీద పన్నెండు సెంటీమీటర్లు. ఫొటోలు చూసి అంచనా కడితే ఆ పన్నెండు తేలిగ్గా తప్పిపోతుంది.

ఇప్పుడు నీ పని. బండి ఖాళీగా ఉన్న పూట, వెనక బకెట్ నేల మీద ఆనించి, ఇంజను ఆపి, తాళం మీ బావమరిది జేబులో పెట్టించి, అప్పుడు టేపు పట్టుకుని దగ్గరికి వెళ్లు. నాలుగు కొలతలు కావాలి, అన్నీ పిన్ను నడిమి నుంచి పిన్ను నడిమికే. ఒకటి, మోచేతి కొసలో బకెట్ వేలాడే పిన్ను నుంచి, అదే మోచేతి మీద లింకు పుట్టే పిన్నుకు. రెండు, ఆ లింకు పొడవు. మూడు, బకెట్ వైపు వెళ్లే రెండో లింకు పొడవు. నాలుగు, బకెట్ మీదున్న రెండు పిన్నుల మధ్య దూరం. వీలైతే కీలు దగ్గర పైపులు ఎటు నుంచి ఎటు చుట్టి వెళ్తున్నాయో పక్క నుంచి ఒక ఫొటో తీసి పంపు. గ్రీజు ఉంటుంది, మంచి చొక్కా వేసుకుని పోకు.

కొలతలన్నీ సెంటీమీటర్లలోనే రాయి. మీ బావమరిది పక్కనుండి అంగుళాల్లో చెప్తాడు, అదీ గుండుగుత్తగా. వినకు.

నీ
కిట్టు