పేరు మార్చిన చోట పాత కథ కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

చంద్రశేఖర్ ఆజాద్ 1931 ఫిబ్రవరి 27న పోలీసులతో పోరాడుతూ నేలకొరిగిన అలహాబాదు ఉద్యానవనానికి ఆనాడు ఆల్ఫ్రెడ్ పార్కు అని పేరు. స్వాతంత్ర్యం వచ్చాక దానికి ఆజాద్ పేరు పెట్టడం అన్నివిధాలా న్యాయం. అయితే ప్రయాగ వెళ్లివచ్చే మన తెలుగు యాత్రికులను ఆ ఆల్ఫ్రెడ్ ఎవరని అడిగితే, వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండు రాజని కొందరు, ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్‌కు బంధువని మరికొందరు చెబుతున్నారు. ఫిలిప్ లాగే, విక్టోరియా రాణి కొడుకైన ఈ ఆల్ఫ్రెడ్‌కూ డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అనే బిరుదు ఉండడం, ఇద్దరూ నావికాదళంలో పనిచేసినవారే కావడం ఈ గందరగోళాన్ని పెంచింది. పేరు మార్చిన చారిత్రక స్థలాల్లో పాత పేరు ఎలా వచ్చిందో, ఎందుకు పోయిందో వివరంగా రాసిపెట్టాలని కోరడానికే ఈ లేఖ.

ఆల్ఫ్రెడ్ విక్టోరియా రాణి రెండో కుమారుడు. 1844 ఆగస్టు 6న విండ్సర్ కోటలో పుట్టి, పద్నాలుగేళ్లకే మిడ్‌షిప్‌మన్‌గా, అంటే శిక్షణలో ఉండే చిన్న అధికారిగా, నావికాదళంలో చేరాడు. 1862లో గ్రీసు ప్రజలు తమ రాజు ఓట్టోను దించేశాక జరిగిన ఓటింగులో 2,41,202 ఓట్లకు గాను 2,30,016 ఓట్లు ఇతనికే పడ్డాయి. అయినా బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా రాజకుటుంబాల వారెవరూ గ్రీసు సింహాసనం ఎక్కరాదన్న పాత ఒప్పందం అడ్డు వచ్చి, అతను ఓడ మీదే ఉండిపోయాడు. 1867లో గలాటియా అనే యుద్ధనౌకకు కెప్టెనై ప్రపంచయాత్రకు బయలుదేరాడు.

ఆ యాత్రలో సిడ్నీ ఘట్టం గురించి కొంచెం ఎక్కువగా చెప్పక తప్పదు. 1868 మార్చి 12న క్లోంటార్ఫ్ అనే చోట, నావికుల వసతి గృహానికి విరాళాల కోసం ఏర్పాటైన విందులో, హెన్రీ జేమ్స్ ఓఫారెల్ అనే ఐర్లండు జాతీయుడు వెనకనుంచి రాకుమారుడి వీపుపై కాల్చాడు. రాకుమారుడు బతికాడు. అంతకు కొద్దిరోజుల ముందే అక్కడికి చేరుకున్న, ఫ్లోరెన్స్ నైటింగేల్ సంప్రదాయంలో శిక్షణ పొందిన నర్సులు అతనికి సేవచేశారు. సిడ్నీలోని రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆసుపత్రి అతను కోలుకున్నందుకు కృతజ్ఞతగా ప్రజలిచ్చిన చందాలతో వెలిసిందే. కానీ అదే వారంలో, సిడ్నీ రాజధానిగా గల న్యూ సౌత్ వేల్స్ శాసనసభ ఆదరాబాదరాగా ఒక రాజద్రోహ చట్టం చేసింది. రాణి పేరిట పానపాత్ర ఎత్తడానికి నిరాకరించినా నేరమేనంది. ఒక్కడు చేసిన పనికి ఐరిష్ వారందరినీ అనుమానించారు. తనను కాల్చినవాడిని ఉరితీయవద్దని ఆల్ఫ్రెడ్ స్వయంగా కోరినా అధికారులు వినలేదు, ఆరు వారాలు తిరగకముందే, ఏప్రిల్ 21న ఉరితీశారు. సామ్రాజ్యానికి కోపం వస్తే ఆ కోపాన్ని తన రాకుమారుడి మాట కూడా ఆపలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. మన దేశంలో రాజద్రోహం కేసుల చరిత్ర చదివే విద్యార్థికి ఈ ఉదంతం తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

1869లో జపాన్‌లో మెయిజీ చక్రవర్తిని కలుసుకున్నాక, అదే ఏడాది డిసెంబరులో అతను కలకత్తాలో దిగాడు. బ్రిటిష్ రాజకుటుంబం నుంచి భారతదేశంలో అడుగుపెట్టిన తొలి రాకుమారుడు అతనే. ఈస్టిండియా కంపెనీ చేతినుంచి పాలన రాణి చేతికి మారి అప్పటికి పదకొండేళ్లు. కంటికి కనిపించని రాణికి బదులు ఆమె కన్నకొడుకును చూపించి సంస్థానాధీశుల విధేయతను గట్టిపరచుకోవాలన్నది పాలకుల ఉద్దేశమని వేరే చెప్పనక్కరలేదు. దర్బారులు, ఏనుగుల ఊరేగింపులు, పులివేటలు సాగుతుండగానే రాజపుతానాలో (నేటి రాజస్థాన్ ప్రాంతంలో) కరువు జనాన్ని పొట్టనపెట్టుకుంటోంది. అప్పట్లో మనతోపాటు మద్రాసు రాష్ట్రంలో ఉన్న గంజాం జిల్లాను సైతం వణికించిన 1866 నాటి ఒడిశా కరువు గడిచి నాలుగేళ్లయినా కాలేదు. ఆ రాకుమారుడి పర్యటన గుర్తుగానే అలహాబాదులో ఉద్యానవనం వెలిసింది, బొంబాయిలో నావికుల వసతి గృహానికి అతని చేత శంకుస్థాపన చేయించారు, 1875లో రాజ్‌కోట్ ఉన్నత పాఠశాల కొత్త భవనానికి అతని పేరు పెట్టారు. గాంధీజీ చదివిన ఆల్ఫ్రెడ్ హైస్కూలు అదే.

తర్వాతి జీవితం రెండు మాటల్లో చెప్పవచ్చు. రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ కుమార్తెను పెళ్లాడి, మధ్యధరా నౌకాదళానికి అధిపతిగా మాల్టాలో ఉండి, 1893లో జర్మనీలోని సాక్స్-కోబర్గ్-గోథా సంస్థానానికి పాలకుడై, 1900 జులై 30న గొంతు క్యాన్సర్‌తో మరణించాడు.

తెల్లదొరల జ్ఞాపకాలను మళ్లీ తవ్వి తీయడమెందుకని కొందరు మిత్రులు అంటున్నారు. వారి ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ పాత పేరును చెరిపి ఊరుకుంటే, కొత్త పేరు సాధించుకున్నదేమిటో పిల్లలకు ఎలా తెలుస్తుంది? రాణిగారి కొడుకు పేరున్న తోటలోనే ఆజాద్ చివరి తూటా వరకు పోరాడాడనీ, అదే కొడుకు పేరున్న బడిలో చదివిన బాలుడే ఆ సామ్రాజ్యాన్ని సాగనంపాడనీ తెలిసినప్పుడే ఆ పేరు మార్పు బరువు తెలుస్తుంది. విజయవాడలో మనకూ ఇలాంటి చోటు ఉంది. రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన 1887లో పునాది వేసిన విక్టోరియా జూబిలీ భవనం ఇప్పుడు బాపు మ్యూజియం. తల్లి పేరు ఇక్కడ, కొడుకు పేరు రాజ్‌కోట్‌లో, రెండు చోట్లా ఇప్పుడు గాంధీజీ పేరే.

కాబట్టి ఇలాంటి ప్రతి చోటా పాత పేరును ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, అది ఎవరిది, ఏ సందర్భంలో ఎవరు పెట్టారు, ఎప్పుడు ఎందుకు మార్చారు అనే వివరాలతో సమాచార ఫలకాలు పెట్టించాలని సంబంధిత పురావస్తు, పర్యాటక శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మన రెండు రాష్ట్రాల్లో ఆ ఫలకాలు తప్పనిసరిగా తెలుగులో ఉండాలి. ఆజాద్ పాఠం చెప్పేటప్పుడు ఆల్ఫ్రెడ్ పార్కు అన్న పేరు వెనక ఉన్న 1869–70 నాటి పర్యటన గురించి ఒక పేరా చేర్చే విషయాన్ని పాఠ్యపుస్తకాల రచయితలు వచ్చే ముద్రణకు ముందే పరిశీలించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
విజయవాడ.