టర్బో మార్చే ముందు గాలి లీకు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

కారుకు పికప్ తగ్గిందని గ్యారేజీకి తీసుకువెళితే, మన నల్గొండ ప్రాంతంలో మొదట వినిపించే మాట ‘టర్బో పోయింది, మార్చాలి’ అన్నది. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం. కొలిచి చూడకుండా ఆ మాట అనడం తప్పని, ఏమేం పరీక్షించారో యజమానికి రాసి ఇచ్చే పద్ధతి రావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ కారుకు పాత యజమాని ఇంజిన్ మ్యాపింగ్, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లోని అమరికలు, మార్పించి బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచి ఉన్నారు. నార్కట్‌పల్లి దగ్గర 65వ జాతీయ రహదారి ఎక్కి లారీని దాటబోతే బండి గుంజలేదు. అద్దంలో వెనుక నల్ల పొగ మాత్రం కనిపించింది. డీజిల్ పడుతున్నా అది కాలడానికి సరిపడా గాలి అందడం లేదని ఆ పొగే చెబుతోంది. నేను వెళ్లిన మొదటి గ్యారేజీలో బానెట్ ఎత్తి, నిలబెట్టిన బండిని రెండుసార్లు రేస్ చేసి, టర్బో మార్చేశారు. బిల్లు కట్టి మళ్లీ అదే రోడ్డు ఎక్కితే అదే పొగ.

తర్వాత మిర్యాలగూడలో, లారీ ఇంజిన్ల మీద ఏళ్లుగా పనిచేసిన ఒక మేస్త్రీ స్కానర్ తగిలించి, కారును రోడ్డు మీద లోడులో నడిపిస్తూ చూశారు. ఇంజిన్ కోరుతున్న ఒత్తిడి 2.2 బార్, అందుతున్నది 1.6 బార్. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్కానర్ చూపే ఈ అంకెలో వాతావరణ పీడనం, అంటే సుమారు 1 బార్, కలిసే ఉంటుంది కాబట్టి టర్బో అదనంగా తోస్తున్నది 0.6 బార్ మాత్రమే. విడిగా బిగించిన బూస్ట్ గేజీ ఆ 0.6నే చూపుతుంది. ఈ రెండింటినీ ఒకే కొలతగా పోల్చితే లేని లోపం ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కనబడుతుంది. ఒత్తిడి కొలిచే సెన్సర్ మీద అనుమానం తీరడానికి ఆయన ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి చూశారు. అది వాతావరణ పీడనాన్ని సరిగానే చూపింది.

ఆపై టర్బో గాలి పీల్చే మూతికి బిరడా బిగించి, దానికి అమర్చిన ట్యూబు వాల్వు గుండా కొద్దికొద్దిగా గాలి ఎక్కిస్తూ పైపుల పొడవునా సబ్బు నురగ పూశారు. ఇంటర్‌కూలర్ (టర్బో తోసిన గాలిని చల్లబరిచే భాగం) దగ్గరి రబ్బరు హోస్‌కు అడుగున, చేయి దూర్చితే తప్ప అందని చోట, క్లాంపు అంచున నురగ బుడగలు బుడగలుగా ఉబ్బింది. క్లాంపు విప్పితే బొటనవేలి గోరంత చీలిక. ఖాళీగా రేస్ చేస్తే మూసుకుని ఉండి, ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరిచే చీలిక అది. బూస్ట్ పెంచినవారు హోస్‌ను, క్లాంపును మాత్రం పాతవే వదిలేశారు.

లీకు లేదని తేలాకే యాక్చుయేటర్, అంటే బూస్ట్‌ను అదుపు చేసే భాగం, వైపు వెళ్లాలి. అక్కడ కూడా టర్బో రకం తెలిసి ఉండాలి. వేస్ట్‌గేట్‌ను (టర్బోను తిప్పే పొగలో కొంత పక్కకు వదిలే తలుపును) తెరిచే ఒత్తిడి పైపు ఊడితే బూస్ట్ తగ్గదు, హద్దు మీరుతుంది. వాక్యూమ్‌తో రెక్కల కోణం మార్చే టర్బోలో మాత్రం వాక్యూమ్ పైపు చీలితే సాధారణంగా బూస్ట్ పడిపోతుంది. షాఫ్టు ఊగుతోందా, రెక్కలు గోడకు రాసుకున్నాయా అన్నది చూడటం ఆ తర్వాతి పని.

రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. అది తెలిశాక నేను మ్యాపింగ్‌ను పాత స్థితికే మార్పించాను.

మన జిల్లాల ఐటీఐలలో డీజిల్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు ఈ సబ్బు నురగ పరీక్షను చేతులతో చేయించాలని అధ్యాపకులను కోరుతున్నాను. గ్యారేజీల వారు కోరిన ఒత్తిడి, అందిన ఒత్తిడి రెండూ బిల్లు మీద రాసి, విప్పిన పాత టర్బోను యజమాని చేతికి ఇవ్వాలి. నాది నాకు ఇవ్వలేదు. అది నిజంగా చెడిందో లేదో చూసుకునే దారి నాకు ఇక లేదు.

ఇట్లు,
ఒక కారు యజమాని,
నల్గొండ