ఆరో సెట్టు పక్కన పెట్టండి: స్పర్శ పెట్టె వాడుతున్న వాళ్లందరికీ

పక్షవాతం తర్వాత మొద్దుబారిన చేతికి సాధన చేయించడానికి మా ఒంగోలు షాపు నుంచి స్పర్శ పెట్టె తీసుకెళ్లిన వాళ్లకి ఈ కబురు. పెట్టెలో ఆరు సెట్లు, సెట్టుకి ఎమరీ పేపరు అంటించిన మూడు చెక్కలు: రెండు ఒకే గరుకు, ఒకటి వేరు. చూడకుండా ముట్టుకుని ఆ వేరేది ఏదో పేషెంటు చెప్పాలి. చివరిసారి వచ్చిన ఎమరీ సరుకుతో చేసిన పెట్టెల్లో ఆరో సెట్టు పనికిరాదు. ‘వేరేది’ అని వెనక చుక్క పెట్టిన చెక్కకీ మిగతా రెంటికీ గరుకులో తేడా లేదు. ఆ సెట్టు దగ్గర మీ పేషెంటు ‘మూడూ ఒకటేగా’ అని ఉంటే ఆయన చెప్పిందే రైటు. నోట్‌బుక్‌లో పడ్డ ఇంటు మార్కులు కొట్టేయండి.

ఎలా జరిగిందో చెబుతాను. ఎమరీ పేపరు వెనక అచ్చేసే నంబర్లకి రెండు లెక్కలున్నాయి. నంబరు ముందు ఇంగ్లీషు ‘పి’ ఉంటే యూరప్ లెక్క, అమెరికా లెక్కకి అది ఉండదు. 60, 80, 120 దాకా రెండూ ఇంచుమించు కలిసే నడుస్తాయి. 220 దాటాక దారులు వేరు. పి400లో రేణువు సగటున 35 మైక్రాన్లు, పి320లో 46. పి లేని 320లో మాత్రం 36. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మేం ఆర్డరిచ్చింది పి320, పి400. డీలరు పి400 సరిగ్గానే పంపాడు. పి320 స్టాకు లేక ఉత్త 320 కట్ట కలిపేశాడు, మాట మాత్రం చెప్పలేదు. పదకొండు మైక్రాన్ల తేడా ఉండాల్సిన చోట ఒక్కటి మిగిలింది. వేలికి అది తెలియదు, మీదైనా నాదైనా.

అడిగితే బిల్లు చూపించాడు. అందులో 320 అనే ఉంది, కాబట్టి ఆయన లెక్కలో గొడవే లేదు. ‘తలుపు చెక్క రుద్దుకునే కాగితానికి ఇంత రాద్ధాంతమా’ అన్నాడు. ఇన్నేళ్లూ బేరమాడకుండా, అరువు పెట్టకుండా కొన్నందుకు దక్కిన మర్యాద అది. రేటు తగ్గిస్తానని తర్వాత కబురు పంపాడు. అక్కర్లేదు.

విషయం తేలింది మంచి చేతి స్కోరు వల్ల. మూడు చెక్కల్లో వేరేది ఏదో గుడ్డిగా చెప్పినా మూడో వంతు ఒప్పవుతుంది, అంటే పన్నెండుకి నాలుగు. బాగా లేని చేతికి నాలుగొస్తే ఇంకా స్పర్శ రాలేదనుకుంటాం. మంచి చేతికీ నాలుగే వస్తే తేడా చెక్కలోనే. సుగర్ వల్ల రెండు చేతులూ తిమ్మిరెక్కిన వాళ్ల విషయం వేరు, వాళ్లకి ఇంట్లో ఇంకొకరి వేలితో సరిచూడాలి. రెండో చేత్తో చేయించడం టైము దండగని మానేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. దయచేసి మానకండి.

ఒక్క సెట్టేగా అనుకోవద్దు. ఈ సాధనకి ప్రాణం జవాబు తర్వాత మనం చెప్పే ఒప్పు, తప్పులే. ఆస్ట్రేలియాలో లీయన్ కేరీ బృందం 2011లో ప్రచురించిన పరీక్షలో 50 మంది పేషెంట్లున్నారు, శిక్షణ పది సెషన్లు. ఊరికే రకరకాల వస్తువులు ముట్టించడం కాదు అక్కడ చేసింది. కళ్లకి కనపడకుండా ముట్టించడం, జవాబు అడగడం, ఒప్పో తప్పో అప్పటికప్పుడే చెప్పడం, మంచి చేత్తో పోల్చుకోనివ్వడం, తేడాని మెల్లగా తగ్గించుకుంటూ పోవడం. సరిగ్గా చెప్పిన మనిషికి తప్పంటే, మెదడు అప్పుడప్పుడే పోల్చుకుంటున్న కబురుని మనమే చెరిపేసినట్టు. అదీ నా కడుపుమంట.

స్కోరు పడిపోయిందని మళ్లీ స్ట్రోక్ వచ్చిందేమోనని కంగారు పడ్డ ఇళ్లున్నాయి. ఆరో సెట్టు ఒక్కదానిలోనే తగ్గి, మిగతా అయిదూ ఎప్పట్లాగే ఉంటే అది చెక్క సంగతి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి ఉన్నట్టుండి ఇంకా బలహీనపడినా మాత్రం మా చెక్కల గురించి ఆలోచిస్తూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి: ఎమరీలోనే ఉండాలా, వదిలేయాలా. ఎమరీ చవక, ఫిజియోలకి అలవాటు, పాత నోట్‌బుక్కులతో లెక్క కలుస్తుంది. కానీ చెమటకీ జిడ్డుకీ రేణువుల సందులు పూడుకుపోతాయి. బాగా గరుకైన 60 నంబరు మీద ఎక్కువసేపు రుద్దితే తోలు కమిలిపోతుంది, తెలియని వేలు ‘అబ్బా’ అనదు. అన్నిటికీ మించి ఆ రేణువుని నేను కొలవలేను, వెనక అచ్చైన నంబరుని నమ్మాల్సిందే. మార్కాపురం పలక మీద గాళ్లు కొట్టించమని ఒకరు సలహా ఇచ్చారు. పలక పొరలు పొరలుగా లేస్తుంది, అంచు కోస్తుంది. చీమకుర్తి గ్రానైటులో పాలిష్, లెదర్, ఫ్లేమ్డ్ ముక్కలు గరుకుకి భేషుగ్గా ఉంటాయి గానీ, ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ గరుకు ఒకేలా రాదు, జారి కాలి మీద పడితే ఇంకో వైద్యం.

చివరికి యాక్రిలిక్ పలకల మీద గాళ్లు తీయించాలని తేల్చుకున్నాను. సైన్‌బోర్డులు చేసే లేజర్ మెషీను మీదే అవుతుంది. గాడికీ గాడికీ మధ్య దూరం 3 మిల్లీమీటర్లతో మొదలై 1 దాకా తగ్గుతుంది, లోతు అర మిల్లీమీటరు. లోతు పెంచితే తోలు పట్టుకుంటుంది. లేజర్ వేడికి అంచు కరిగి సన్నగా గట్టు లేస్తుంది, అది తీయకపోతే పేషెంటు గాడిని కాక గట్టునే గుర్తుపడతాడు. అందుకని ప్రతి పలకనీ సన్న ఎమరీతో రుద్దాల్సిందే (అవును, ఎమరీతోనే). ఆపైన వెర్నియర్ (సన్న కొలతలు తీసే సాధనం) పెట్టి కొలిచాకే పెట్టెలోకి వెళుతుంది. సబ్బుతో కడుక్కోవచ్చు. వేలు అంటుకుంటోందని పౌడరు మాత్రం చల్లకండి, గాళ్లు పూడతాయి. వేలిని పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

కొత్త పెట్టె 1,650 రూపాయలు, పాతది 1,400. చవకగా పాతదే ఇమ్మంటే ఇవ్వను. పాత పెట్టె సాధన మధ్యలో ఉన్నవాళ్లు పలకలకి మారొద్దు, స్కోర్లు కలవవు. మీకు ఆరో సెట్టు పి320, పి400తోనే కొత్తగా చేసి ఉచితంగా పంపుతాం. ఈసారి చెక్క వెనక చిన్న కిటికీ కోశాం, నంబరూ దాని ముందు పి అక్షరమూ మీరే చూసుకోవచ్చు.

అది వచ్చేదాకా మొదటి అయిదు సెట్లు చేయించండి, వాటిలో తేడా పెద్దది కాబట్టి ఇబ్బంది లేదు. పిడికిలి బిగుసుకున్న చేతికి వేళ్లు పట్టి లాగొద్దు. మణికట్టుని కిందికి వంచితే వేళ్లు వదులవుతాయి, అప్పుడు బొటనవేలిని మెల్లగా పక్కకి తీయండి. అరచేతిని నిమిరితే పిడికిలి ఇంకా బిగుస్తుంది. వేలు కదపలేకపోతే వేలికొసని ఆనించి, కింద చెక్కని మీరు అడ్డంగా జరపండి. నొక్కిపెడితే గరుకు తెలియదు, జరిగితేనే తెలుస్తుంది. చెక్కకి మూడు సెకన్లు, పూటకి పదిహేను నిమిషాలు, రోజుకి రెండు పూటలు. చెయ్యి వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే మంట అంటుంటే ఆపి డాక్టరుకి చూపించండి.

కరెంటు గ్లవ్ (చేతికి సన్నగా కరెంటు ఇచ్చే తొడుగు) అద్దెలు ఎప్పటిలాగే ఉన్నాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఇవ్వం, బతిమాలొద్దు.

ఆరో సెట్టు కోసం నోట్‌బుక్ చివరి పేజీ ఫోటో వాట్సాప్‌లో పెట్టండి. కావలి, కందుకూరు, మార్కాపురం వైపు వాళ్లకి ఆర్టీసీ కార్గోలో వేస్తాం, చార్జీ మాదే. పాత చెక్కలు తిప్పి పంపక్కర్లేదు, కానీ వెనక చుక్క గీకేసి పారేయండి, ఇంకెవరూ వాటితో పరీక్ష పెట్టకుండా.