ఇకనుంచి మన బండ్లలో ఓవర్‌లోడ్ ఉండదు, కిరాయి కొంచెం పెరుగుతుంది

సెమిలిగూడ, కుందులి, పొట్టంగి వైపు నుంచి సాలూరు, విజయనగరానికి మన బండ్లలో సరుకు వేసే షావుకార్లకి, రైతులకి నమస్కారం. అసలు విషయం ముందే చెప్పేస్తాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆర్‌సీలో రాసిన బరువు దాటి ఒక్క బస్తా కూడా ఎక్కించం, రాత్రి పది దాటితే సుంకి ఘాటీ (కొండ దారి) దిగం. దీనివల్ల బస్తాకి 7 రూపాయలు కిరాయి పెరుగుతుంది, ఆలస్యంగా వచ్చిన సరుకు మర్నాడు పొద్దున్నే కదులుతుంది.

"నాలుగు బస్తాలే కదా బాబూ, పైన సర్దెయ్" అని చాలామంది అడుగుతున్నారు. జరిమానాకి భయపడుతున్నాననుకుంటున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక ఓవర్‌లోడ్‌కి 20 వేలు, పైన ప్రతి టన్నుకీ ఇంకో 2 వేలు పడుతుంది, నిజమే. కానీ నా బాధ రోడ్డు గురించి. 1958 నుంచి 60 దాకా అమెరికాలో లారీలని అదే పనిగా తిప్పి ఒక పరీక్ష చేశారు. ఇరుసు మీద బరువు పెరిగే కొద్దీ రోడ్డుకి తగిలే దెబ్బ దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని అందులో తేలింది. అంటే 20 శాతం ఎక్కువ వేస్తే దెబ్బ రెండింతలు, బరువు రెట్టింపైతే పదహారింతలు. మనం నాలుగు బస్తాల కిరాయి మిగుల్చుకుంటే, ఆ గోతుల్లో బైకు మీద పడేది ఇంకెవరో. వానాకాలంలో పొట్టంగి మలుపుల దగ్గర తారు లేచిపోయిన చోట అంబులెన్సు ఎలా పాకుతూ వెళ్తుందో మీరందరూ చూసినవాళ్ళే. కంట్రాక్టరు సరిగ్గా వెయ్యలేదని తిడతాం, అందులో నిజం ఉండొచ్చు, కానీ దాని మీద నడిచే బరువు మన చేతిలో ఉన్నది.

ఇక ఘాటీ. కొరాపుట్ వైపు పీఠభూమి సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడి నుంచి సాలూరు మైదానానికి మలుపుల మీద మలుపులు. బరువెక్కువైన బండికి దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, అందుకే ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్తారు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం మన బండ్లలో నిషేధం. డ్రైవరుకి రోజుకి 8 గంటల పని అని 1961 నాటి చట్టమే చెప్పింది, మరి మన లైనులో పగలంతా సంతలో లోడింగ్ చూసుకున్న మనిషే రాత్రి స్టీరింగ్ పట్టుకోవడం మామూలైపోయింది. అది ఆపేస్తున్నాం. పెరిగిన కిరాయిలో ఎక్కువ భాగం రెండో డ్రైవరు జీతానికీ బత్తాకీ పోతుంది.

సంత రోజున రోడ్డు వారన నెత్తి మీద మూటలతో, చంటిపిల్లలతో నడిచొచ్చే అమ్మలు ఎంతమందో. వాళ్ళకి ఫుట్‌పాత్ లేదు, తప్పుకుంటే కాలవే. వాళ్ళు తెచ్చే అల్లం, కూరగాయలే మన బండి నింపుతాయి. ఊళ్ళ దగ్గర స్పీడు తగ్గించాలి, బురద నీళ్ళు చిమ్మకూడదు, వెనక నుంచి ఎయిర్ హారన్ కొట్టకూడదు. బండి ఆగిపోయినప్పుడు చక్రాల కింద పెట్టిన రాళ్ళు తీయకుండా వెళ్ళిపోతారు చూడండి, చీకట్లో ఆ రాయి మనిషిని చంపుతుంది. మన బండిలో చెక్క ఆపులు ఉంటాయి, రాళ్ళు వాడం. దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే మావాళ్ళు ఆగి ఆసుపత్రికి చేరుస్తారు, సాయం చేసినవాళ్ళని కేసులో ఇరికించకుండా చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది. ఆ రోజు మీ సరుకు లేటవుతుంది, దానికి మాత్రం దయచేసి డ్రైవరుని తిట్టకండి.

వాడేసిన ఇంజనాయిల్ కాలవలో పొయ్యం, వానకి అది నేరుగా గెడ్డలోకి పోతుంది. డ్రమ్ములో దాచి అనుమతి ఉన్న రీసైక్లరుకే ఇస్తాం, 2016 నాటి రూలు కూడా అదే.

రాయపూర్–విశాఖ ఆరు లైన్ల రోడ్డు వచ్చాక రేటు తగ్గిస్తావా అని ఒక షావుకారు అడిగారు. 464 కిలోమీటర్ల ఆ దారి మన కొరాపుట్ జిల్లా మీదుగానే పోతుంది కాబట్టి ఘాటీ తిప్పలు తగ్గితే తప్పకుండా తగ్గిస్తాను. ఛత్తీస్‌గఢ్ వైపు ఉదంతి అడవిలో జంతువులు దాటడానికి 27 దారులు, కోతులకి పైన 17 వంతెనలు ఆ పనిలో పెట్టారని చదివి చాలా సంతోషం వేసింది. కొత్త రోడ్డు మీద కూడా బరువు రూలు మాత్రం మారదు.

సాయంత్రం ఆరు లోపు బస్తాలు షెడ్డుకి చేర్చండి, కాటా మీద తూచాకే ఎక్కిస్తాం. చిన్న రైతుల మూటలకి, ఐదు బస్తాల లోపు ఉంటే, పాత కిరాయే.