ఎలుకను కాపాడిన ఆకు మనల్నీ కాపాడుతుందా?

సంపాదకులకు,

"సీసం విషానికి ఈ మొక్కతో విరుగుడు", "కాలుష్యం నుంచి కాలేయాన్ని కాపాడే ఆకు" లాంటి వార్తలు పత్రికల ఆరోగ్యం పేజీల్లో తరచూ కనిపిస్తున్నాయి. పరిశోధనలను నేను తప్పుపట్టడం లేదు. వాటిని వార్తగా మార్చే తీరుతోనే పేచీ. ప్రయోగం ఏ ప్రాణి మీద, ఎంత మోతాదుతో జరిగిందో చివరి వాక్యం దాకా చదివినా తెలియదు.

ఈ ప్రయోగాలు చాలావరకు ఒకే పద్ధతిలో సాగుతాయి. కొన్ని ఎలుకలకు సీసమో, కాడ్మియం అనే మరో విష లోహమో ఇస్తారు. మరికొన్నింటికి దాంతోపాటు మొక్క సారం కూడా ఇస్తారు. పోల్చి చూడటానికి ఏమీ ఇవ్వని ఎలుకలూ ఉంటాయి. కొన్ని వారాల తర్వాత రక్తంలో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ ఎంజైములు చూస్తారు. కాలేయ కణాలు దెబ్బతింటే ఇవి రక్తంలోకి వచ్చేస్తాయి. సారం తాగిన ఎలుకల్లో ఇవి తక్కువ ఉంటే మొక్కకు రక్షణ గుణం ఉందంటారు. తొలి అడుగుగా ఇది సరైన పనే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చాలాసార్లు సారాన్ని విషం కంటే ముందే, లేదా విషంతో కలిపే ఇస్తారు. రెండూ ఒకేసారి కడుపులో పడితే, మొక్కలోని పదార్థాలు లోహాన్ని పేగులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వకపోవచ్చు. అప్పుడు మొక్క కాలేయాన్ని కాపాడిందా, అసలు విషమే తక్కువ చేరిందా? అవయవాల్లో లోహం ఎంతుందో కొలిస్తే తప్ప తేలదు. ఏళ్ల తరబడి ఎముకల్లో సీసం పేరుకున్న మనిషి సంగతి పూర్తిగా వేరు.

మోతాదు చూడండి. ఎలుకకు కిలో బరువుకు 200 మిల్లీగ్రాముల సారం ఇచ్చారనుకుందాం. ఎలుకకూ మనిషికీ శరీర పరిమాణంలో ఉన్న తేడా వల్ల, మనిషికి లెక్క కట్టేటప్పుడు దాన్ని సుమారు 6.2తో భాగిస్తారు. అంటే 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 2 గ్రాములు. అదీ ఆకు కాదు, చిక్కబరిచిన సారం! వార్త చదివి నాలుగు ఆకులు నమిలేవాళ్లకు ఈ తేడా ఎవరు చెప్పాలి?

మొక్కల నుంచి వచ్చింది కదా, హాని ఉండదులే అనుకోవడానికీ లేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితాలు 1994లో వచ్చాయి. క్యారెట్ లాంటి వాటిలో సహజంగా ఉండే బీటా కెరోటిన్ క్యాన్సర్‌ను ఆపుతుందని ఆశపడ్డారు. తీరా ఆ మాత్రలు వేసుకున్నవారిలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ కనిపించింది. పైగా మొక్కలు నేలలోని కాడ్మియాన్ని పీల్చుకుంటాయి. కలుషితమైన నేలలో పెరిగితే మందు మొక్కే విషాన్ని మోసుకొస్తుంది.

సీసానికి సురక్షితమైన స్థాయంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. చాలా దేశాల్లో పిల్లల రక్తంలో సీసం తగ్గింది పెట్రోలులో దాన్ని కలపడం మానేయడం వల్ల. ఆకు వార్తకు ఇచ్చినంత చోటు ఆ విషాన్ని వదిలే ఫ్యాక్టరీల గొట్టాలకూ ఇవ్వండి. ఇకపై ఇలాంటి వార్త వేసినప్పుడు, పరీక్షించిన ప్రాణి పేరు, మోతాదు, సారం విషానికి ముందిచ్చారా తర్వాతా అన్నది మొదటి పేరాలోనే రాయాలని మనవి.

– ఒక పాఠకుడు