"మాగ్యార్ ఎక్కడుంది మేడమ్?"

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవుల తర్వాత ఏడో తరగతి అమ్మాయి ఒకతె నా గదిలోకి వచ్చి అరచెయ్యి చాపింది. అందులో పాత రైలింజను బొమ్మ ఉన్న స్టాంపు, దాని అంచున 'మాగ్యార్ పోస్టా' అనే అక్షరాలు. "ఈ దేశం అట్లాసులో లేదు మేడమ్, వెనక సూచికలో కూడా చూశాను" అంది. నాకు నోటిదాకా వచ్చింది కానీ ఆపుకున్నాను. సాంఘిక శాస్త్రం టీచరూ ఆమే కలిసి రెండు రోజులు తంటాలు పడి కనుక్కున్నారు, అది హంగరీ అని. ఆ పేరు మనం పిలిచేది. వాళ్ళు తమ దేశాన్ని మాగ్యార్ల దేశం అనే చెప్పుకుంటారు.

అప్పటి నుంచి మా స్టాంపుల క్లబ్బులో ఇదే ఆట. 'హెల్వెటియా' అంటే స్విట్జర్లాండ్. నాలుగు అధికార భాషలున్న దేశం కనుక, ఎవరూ మొహం ముడుచుకోకుండా లాటిన్ పేరు వేసుకున్నారు. బ్రిటన్ స్టాంపు మీద అసలు పేరే ఉండదు, రాజుదో రాణిదో తల మాత్రం ఉంటుంది. 1840 మే నెలలో ప్రపంచంలోని మొదటి స్టాంపు, పెన్నీ బ్లాక్, వాళ్ళే వేశారు. అప్పటికి ఇంకెవరికీ స్టాంపులు లేవు, పేరుతో పనేముంది? ఆ దర్జా ఇప్పటికీ నడుస్తోంది. "ఊళ్ళో ఒకటే హోటలుంటే బోర్డు ఎందుకు మేడమ్" అన్నాడు ఎనిమిదో తరగతి కుర్రాడు. నేనైతే ఇంత బాగా చెప్పలేను.

స్వాతంత్ర్యం వచ్చాక మన మొదటి స్టాంపు 1947 నవంబరు 21న వచ్చింది. త్రివర్ణ పతాకం, పైన 'జైహింద్', వెల మూడున్నర అణాలు. విదేశాలకు వెళ్ళే ఉత్తరాల కోసం వేసినది. అంటే మనం ఎవరమో బయటివాళ్ళకు చెప్పుకున్న మొదటి మాట అది. ఆ పాఠం అయ్యాక పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి మన ఊరికి స్టాంపు గీయమన్నాం. చాలామంది గోపురం వేశారు. ఒకడు లడ్డు వేశాడు. ఒకమ్మాయి మాత్రం అలిపిరి మెట్లు వేసింది. ఒక ముసలావిడ వంగి మెట్టుకు పసుపు, కుంకుమ పెడుతోంది, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని. "మా అవ్వ" అని కింద రాసింది. ఆ బొమ్మ నా గదిలో గోడ మీద ఉంది, వచ్చినప్పుడు చూడండి.

ఇక నేను క్షమాపణ చెప్పుకోవలసిన సంగతి. స్టాంపులు తెమ్మన్నాం గానీ ఎలా తేవాలో ముందే చెప్పలేదు. ఒక బాబు ట్రంకుపెట్టెలో దొరికిన తాతగారి కువైట్ ఉత్తరం నుంచి స్టాంపు కత్తిరించి తెచ్చాడు. అది పలుచని నీలం ఎయిర్ మెయిల్ కాగితం. స్టాంపు వెనక నాలుగు పంక్తుల రాత కూడా దానితోనే వచ్చేసింది. వాళ్ళ నాయనమ్మ ఏమీ అనలేదట, ఆ ముక్కను ఉత్తరానికి ఆనించి చూసుకుని మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నారట. తప్పు బాబుది కాదు, మాది. దయచేసి పాత ఉత్తరాలను అలాగే ఉంచండి. స్టాంపు ఉత్తరం మీదే ఉన్నా చూసి నేర్చుకోవచ్చు.

ఉత్త కవర్ల మీదివైతే నిక్షేపంగా తీయవచ్చు. చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి, గోరువెచ్చని నీళ్ళలో పావుగంట తేలనివ్వాలి. జిగురు కరిగి స్టాంపు తనంతట తనే జారుతుంది. గోటితో లాగితే అంచు పళ్ళు ఊడతాయి. తడి స్టాంపును బోర్లా న్యూస్ పేపరు మీద ఆరబెట్టాలి. ఆల్బంలో జిగురుతో అంటించకూడదు, దాని కోసం హింజ్‌లు, అంటే స్టాంపు వెనక మడిచి అంటించే చిన్న కాగితపు ముక్కలు దొరుకుతాయి.

పోస్టుకార్డుల సంగతి వేరే కథ. మన దేశంలో 1879 జూలైలో కాలణాకు మొదలైన కార్డు ఇది, ఇప్పటికీ యాభై పైసలే. మా పిల్లల్లో చాలామందికి ఇంటి పిన్ కోడ్ తెలియదు. "లొకేషన్ పంపిస్తాం కదా" అన్నారు. 517501లోని ఒక్కొక్క అంకె దేనికో చెప్పుకున్నాక ఎవరింటికి వాళ్ళు కార్డు రాసుకున్నారు. నాలుగు కార్డులు తిరిగి బడికే వచ్చాయి. తలుపు నంబరు వేయకపోతే వేరే ఏమవుతుంది?

హిమాచల్ ప్రదేశ్‌లో, స్పితి లోయలోని హిక్కిం అనే ఊళ్ళో పోస్టాఫీసు 14,000 అడుగులకు పైన ఉంది. తిరుమల కొండలు ఐదు ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తు అని పిల్లలు లెక్కగట్టారు. మీలో ఎవరైనా అటు వెళితే బడి చిరునామాకు ఒక కార్డు వేయండి. శ్రీకాళహస్తి నుంచి వేసినా సంతోషమే.

ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు తపాలా శాఖ 'దీన్ దయాళ్ స్పర్శ్' పథకం కింద ఏటా 6,000 రూపాయల ఉపకారవేతనం ఇస్తుంది. క్విజ్, ప్రాజెక్టు ఉంటాయి. వివరాలు ఆఫీసులో అడగండి. ఆ డబ్బు కోసమే క్లబ్బులో చేర్పిస్తే మాత్రం పిల్లలకు నెలలో విసుగొస్తుంది.

శనివారం మళ్ళీ స్టాంపులు నానబెడుతున్నాం. ఒక వెడల్పాటి పళ్ళెం, పాత న్యూస్ పేపరు పంపండి. పోయినసారి మిగిలిపోయిన రెండు స్టీలు పళ్ళేలు ఆఫీసులో ఉన్నాయి. ఒకదాని వెనక పెళ్ళి తేదీ చెక్కి ఉంది. ఎవరివో వచ్చి తీసుకువెళ్ళండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
తిరుపతి